నాలుగు మూలల సముద్రం

ఆ సోమవారం ఉదయం మునిప్రసాద్ చేయాల్సినవి మూడే పనులు: ఇడ్లీ తినడం, కొత్త సముద్ర పటాన్ని చుట్టుకోవడం, పదింటికల్లా తిరుపతి ఆఫీసులో ఇవ్వడం. సముద్రం వేడెక్కుతోంది కనుక తీరంలో ఏది ఎక్కడ ఉండాలో మళ్లీ నిర్ణయించే ప్లాను అది. ఆ మధ్యాహ్నం సమావేశంలో ఆమోదం పొందితేనే అతని కాంట్రాక్టు ఉద్యోగం ఇంకో ఏడాది నిలుస్తుంది. పటంలో పసుపు రంగుకు ఒకటే అర్థం: సముద్రం వల్ల మారబోయే చోటు.

అతను స్నానానికి వెళ్లినప్పుడు తల్లి జ్ఞానాంబ, పెళ్లిపత్రికకు పెట్టినట్టే, పటం నాలుగు మూలలా తడిపసుపు పెట్టి, ఆరబెట్టి, మళ్లీ చుట్టింది. అతను విప్పి చూడకుండానే స్కానింగుకు ఇచ్చాడు. పదకొండింటికి ఆ స్కాన్ ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పసుపు పడిన కింది ఎడమ మూలన, సముద్రానికి ఎంతో దూరంలో ఉండే సత్యవేడు ఉంది.

పన్నెండింటికి సత్యవేడు రైతు చెంగయ్య ఫోను చేశాడు.

"అప్పా, సముద్రం మా పొలానికి ఎప్పుడొస్తాది? వరి నాటేదా, రొయ్యలేసేదా?"

మునిప్రసాద్ అప్పుడు పటం విప్పి చూశాడు; నాలుగు మూలలా పసుపు, అమ్మ పనే. నిజం చెబుదామని నోరు తెరిచాడు. మనసు ఉద్యోగం వైపు తిరిగింది.

"అది... ముందుజాగ్రత్తన్నా."

రెండింటికి సత్యవేడులో ఎవరో 'బీచ్ పక్కన ప్లాట్లు' అని బోర్డు కట్టారు. మూడింటికి చెంగయ్య ఇరవై మందితో ఆమోద సమావేశానికి వచ్చేశాడు.

"సత్యవేడు దాకా సముద్రమెట్లా వస్తాది, మునిప్రసాద్?" అధికారిణి పంకజాక్షి అడిగింది.

అతను పటాన్ని తన వైపు తిప్పుకున్నాడు. ఇంతలో మత్స్యకారుల నాయకుడు పాల్ లేచాడు.

"సత్యవేడు సంగతి నాకు తెలీదు మేడమ్. సముద్రంలో ఈ పైమూల సూడండి. నీళ్లు వేడెక్కినప్పటి నుంచి చేపలు ఈడికే పోయినాయి. పాత పటం గీతల్ని నమ్మి మేం చేపల్లేని చోట వలలేస్తా ఉండాం. మా బాధ తెలిసిన పటం ఇదొక్కటే!"

పంకజాక్షి సత్యవేడుతో సహా మూడు మూలల పసుపును కొట్టేసి, సముద్రంలోని పైమూలను ఉంచి, సంతకం చేసింది.

"అయితే మా ఊరికి సముద్రం రాదా?" చెంగయ్య దిగాలుగా అడిగాడు.

మునిప్రసాద్ ఇక ఆగలేకపోయాడు. "మేడమ్, ఆ పైమూల నా తెలివి కాదు. మా అమ్మ పెట్టిన పసుపు."

పంకజాక్షి కళ్లు చెమర్చాయి. "గొప్పంతా అమ్మకే ఇచ్చే కొడుకులు ఈ కాలంలో యాడుండారు!"

హాలంతా చప్పట్లు కొట్టింది.

నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందంటారు. మునిప్రసాద్ ఇంకా ఎదురుచూస్తున్నాడు.