మోడు మీద ఏడో నంబరు

"ఇకపై మన రేవులో ఓడెక్కే ప్రతి దుంగకూ పుట్టిల్లెక్కడో చెప్పి మరీ పంపుతాం" అని అటవీ శాఖ మంత్రిగారు కలప డిపోలో ప్రకటించారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు జీరబోయింది. గాలికి రంపపు పొట్టు బాగా ఎగురుతున్న రోజది.

ముద్రల తాత ఉపన్యాసమంతా నిలబడి విన్నాడు. కుర్చీలు అతిథులకు. తాత డిపోలో పనిచేసేవాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పని ఒకటే. చెట్టు కొట్టిన చోటికి వెళ్ళి, నేలలో మిగిలిన మోడు మీద సుత్తితో ఒక ముద్ర, దుంగ మీద అదే ముద్ర వేయాలి. సుత్తి మూతి మీద ఏడో నంబరు చెక్కి ఉంటుంది. మోడు మీద ఏడు, దుంగ మీద ఏడు ఉంటే అది దొంగ సొత్తు కాదని అర్థం. వచ్చే సోమవారం తాతకు రిటైర్మెంటు.

చిక్కల్లా చివరి వరసలో పడి ఉన్న మూడు వందల పన్నెండు దుంగలతో వచ్చింది. వాటి మీద ఏడు లేదు. అవి ఏ కొండ మీంచి వచ్చాయో లారీలకు తెలుసు. లారీలు వెళ్ళిపోయాయి.

"ఏం తాతా, సుత్తి బరువెక్కిందా?" అన్నాడు డిపో ఆఫీసరు.

"మోళ్ళు చూడలేదు సార్."

"చూసేదేముంది? దుంగ ఉందంటే చెట్టున్నట్టే. చెట్టుందంటే మోడున్నట్టే."

"ఎక్కడ?"

ఒక్క మాటలో ప్రశ్న వేసేవాళ్ళంటే ఆఫీసరుగారికి ఒళ్ళు మంట. "నీ పింఛను కాగితం నా బల్ల మీదే ఉంది. దాని మీద నా సంతకం ఎక్కడని నువ్వడిగావా?" అన్నాడు.

ఆ సంగతి తాత ఇంట్లో చెప్పాడు.

"కొట్టేస్తే పోయేదేముందండీ?" అంది భార్య.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను కొట్టిన ఏడుకి విలువ పోతుంది."

ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది. పెళ్ళయ్యాక ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

ఇంతలో విదేశీ కొనుగోలుదారుల నుంచి ఉత్తరం వచ్చింది. తమ ఇన్‌స్పెక్టరమ్మ గురువారం వచ్చి, దుంగలు సక్రమమైనవో కావో మోళ్ళతో పోల్చి చూస్తుందట. ఇలాంటి ఉత్తరం చూస్తే మామూలు ఆఫీసరైతే సెలవు పెట్టేవాడు. మన ఆఫీసరు రంపాలు తెప్పించాడు. బుధవారం ఒక్క పగట్లో ఒక్కో దుంగ నుంచి ఒక్కో అడుగు ముక్క కోయించి, డిపో వెనక ఖాళీ స్థలంలో వరసగా నిలబెట్టించాడు. చుట్టూ మట్టి ఎగదోయించాడు. ఎందుకైనా మంచిదని నీళ్ళు కూడా పోయించాడు. 'సక్రమ మూలాల వనం' అని బోర్డు లేచింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు.

"ఇక్కడ చెట్లు ఇంత దగ్గర దగ్గరగా ఉండేవా?" అని అడిగారు.

"కలిసికట్టుగా ఉండేవి సార్."

"ఇంత వరసగా?"

"క్రమశిక్షణ సార్. తమ హయాంలో పెరిగినవి."

మంత్రిగారు బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగారు.

గురువారం మంత్రిగారితో పాటు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. టేపు తీసింది, భూతద్దం తీసింది. దుంగలో వలయాలు, మోడులో వలయాలు లెక్కపెట్టింది. పగులుకు పగులు, ముడికి ముడి కలిశాయి.

"నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత అచ్చంగా కలిసిన మోళ్ళు చూడలేదండీ!" అంది.

"మా చెట్లు దాపరికం ఎరగవు మేడమ్" అన్నాడు ఆఫీసరు.

"మరి ముద్రలేవీ? ఒక్కటైనా నా ఎదురుగా పడాలి."

అందరూ తాత వైపు తిరిగారు. ఆఫీసరు చొక్కా జేబులోంచి పింఛను కాగితం మూల కనబడుతోంది. బయటికి కనబడేలా మడిచి పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, దేశం పరువు మీ చేతిలో ఉంది" అన్నారు మంత్రిగారు, తాత చెవిలో.

"మోడు చూడందే కొట్టనన్నావు. ఇదుగో, కళ్ళెదుటే ఉంది" అన్నాడు ఆఫీసరు.

తాత మోడును చూశాడు. ఆఫీసరును చూశాడు.

"గట్టిగా కొట్టాలా సార్?"

"ఎప్పుడూ ఎలా కొడతావో అలాగే కొట్టు!"

తాత పక్కకు తిరిగి, పడి ఉన్న దుంగ కోసిన ముఖం మీద కొట్టినట్టుగా మోడు మొదట్లో అడ్డంగా ఒక్కటి వేశాడు. మోడు ఎగిరి పక్కదాని మీద పడింది. అది దాని పక్కదాన్ని తోసింది. క్రమశిక్షణ గల చెట్లు కదా, మొదటి వరసంతా వరసగానే పడింది. చివరిది దొర్లుకుంటూ వచ్చి మంత్రిగారి బూటు దగ్గర ఆగింది.

ఇన్‌స్పెక్టరమ్మ ముద్ర పడిన మోడును ఒంటిచేత్తో ఎత్తి, తిరగేసి చూసింది. అడుగున కూడా రంపపు కోతే.

"తేలిక జాతి మేడమ్" అన్నాడు ఆఫీసరు.

"వేళ్ళు లేవమ్మా" అన్నాడు తాత.

ఆవిడ ఫారం తీసింది. మోడు ఉన్నదా? ఉన్నది. వలయాలు కలిసినవా? కలిసినవి. ముద్ర ఉన్నదా? ఉన్నది. పేజీ తిప్పి వెనక చూసింది. మళ్ళీ ముందు చూసింది.

"వేళ్ళకు గడి లేదండీ" అని సంతకం పెట్టేసింది.

ఆఫీసరు సోమవారం పళ్ళు నూరుకుంటూనే పింఛను కాగితం ఇచ్చాడు. ముద్ర చెల్లాలంటే ముద్ర వేసినవాడూ చెల్లాలి మరి. సుత్తి అప్పగించమన్నాడు. తాత అప్పగించాడు. ఆఫీసరు సుత్తి మూతిని వేలితో తడిమి చూశాడు. నున్నగా ఉంది.

"నంబరేది?"

"అరిగిపోయింది సార్."

తాత సంచిలో ఇనుము అరగదీసే ఆకురాయి ఉంది. సంచి ఎవరూ వెతకలేదు.

నెల తిరిగాక ఒక ఉదయం భార్య పేపరు చదివి వినిపిస్తోంది. తాతకు అక్షరాలు కూడబలుక్కోవడానికి సమయం పడుతుంది. విదేశాలవాళ్ళు తమ ఫారంలో కొత్తగా ఒక గడి చేర్చారట. దాని కిందే అటవీ శాఖ ప్రకటన.

"ఏమండీ, వినండి. 'మంచి స్థితిలో ఉన్న వేళ్ళు, మూడు వందల పన్నెండు జతలు, సరఫరా చేయుటకు టెండర్లు కోరడమైనది. వేళ్ళు సక్రమ మార్గంలో సేకరించినవై ఉండవలెను.'"