బేస్‌బాల్ బంతికి ఆయుధపూజ

ఆ ఉదయం కన్నబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తిని, బ్రిక్‌ఫీల్డ్స్‌లోని ఇంటి నుంచి కారులో సైబర్‌జయ ఆఫీసుకు వెళ్లి, మేనేజరు రవీంద్రన్ బేస్‌బాల్ బంతిని అద్దాల పెట్టెలో పెట్టి ఆయన చేతికివ్వడం. అంతే. తన కాంట్రాక్టు ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే కాగితం మీద ఆ వారమే ఆయన సంతకం పడాలి. అందుకని బంతి విషయంలో కన్నబాబు ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉన్నాడు.

రవీంద్రన్ కూడా తెలుగువాడే. కాకపోతే ఆఫీసులో ఆయన నోట తెలుగు తిట్టడానికీ, గుట్టుగా మాట్లాడడానికీ మాత్రమే వచ్చేది. 1988లో లాస్ ఏంజెలెస్‌లో చదువుకునేటప్పుడు బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ కళ్లారా చూశానని చెబుతాడు. రెండు కాళ్లూ దెబ్బతిన్న ఆటగాడొకడు, తన జట్టు ఓడిపోబోతుండగా ఆఖరి ఘడియలో కుంటుకుంటూ వచ్చి, బంతిని జనంలోకి కొట్టి గెలిపించేశాడు. ఏటా అక్టోబరులో రవీంద్రన్ ఆఫీసు బల్లల మధ్య కుంటుతూ, పిడికిలి ఊపుతూ ఆ ఘట్టాన్ని నటించి చూపిస్తాడు. తర్వాత, అదే మ్యాచ్‌లో అంతకుముందు తన ఒళ్లో వచ్చి పడిందంటూ ఆ బంతిని బయటికి తీస్తాడు. ఈసారి అమెరికా నుంచి వచ్చిన క్లయింటు డగ్లస్ కూడా చూడబోతున్నాడు. అందుకే అద్దాల పెట్టె. అది చేయించే పని కన్నబాబు మీద పడి, బంతి ముందురోజే అతని ఇంటికి చేరింది.

కన్నబాబు స్నానం చేసి వచ్చేసరికి బంతి దేవుడి గదిలో ఉంది. కత్తెరకూ మిక్సీకీ మధ్య, ఒళ్లంతా పసుపు పూసుకుని, మూడు కుంకుమబొట్లతో కూర్చుంది. తల్లి దేవుడమ్మ దానికి హారతి ఇస్తోంది.

"ఏటమ్మా ఇది?" అన్నాడు.

"ఆయుధపూజ గదరా. నీ ఉజ్జోగం దీని మీదే ఉందని నిన్న నువ్వే సెప్పినావు. దీన్నొదిలేసి కత్తెరకి సేస్తానేటి?"

కన్నబాబు బంతి మీదకు చెయ్యి చాచబోతే దేవుడమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. పూజలో పెట్టినవాటిని మర్నాటిదాకా కదపకూడదు. కారుకు కూడా బొట్టు పెట్టి ఆ రోజుకి సెలవిచ్చేసింది దేవుడమ్మ. కాళ్లావేళ్లా పడితే బంతిని మాత్రం వదిలింది.

గిన్నెలు తోమే సబ్బుతో రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఆ కంగారులో అతనికి గుర్తు రాలేదు. బంతి ఎర్రగా కందిపోయింది. ఇత్తడి చెంబుల మచ్చలు వదలగొట్టే చింతపండు దేన్నైనా వదలగొడుతుందని భరోసా ఇచ్చి, దేవుడమ్మ చిక్కటి పులుసు తీసి పట్టించింది. ఎరుపు విరిగింది గానీ, బంతి వానాకాలపు రోడ్డు మీద దొరికినట్టు మట్టిరంగుకు తిరిగింది. ఇంకేం చేసినా ఇంకేమవుతుందోనని భయమేసి, దాన్ని అలాగే పెట్టెలో వేసుకుని రైలెక్కాడు. దారి పొడుగునా వేరే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించాడు.

అతను ఆఫీసులో అడుగుపెట్టేసరికి రవీంద్రన్ అప్పటికే కుంటుతున్నాడు. కుంటుతూనే వచ్చి, చూపు డగ్లస్ మీద నుంచి తిప్పకుండా పెట్టె లాక్కుని, మూత తీసి బంతిని అతిథి చేతిలో పెట్టాడు. అప్పుడు చూశాడు దాన్ని. అతిథి కోసం నవ్వు మొహాన అలాగే ఉంచి, తెలుగులోకి దిగాడు.

"ఇదేట్రా కన్నబాబూ?"

"అమ్మ పూజ సేసినాది సార్. నేను కడిగినాను."

"కడిగితే ఇలాగుంటాదా?"

"కడగబట్టే సార్."

డగ్లస్ బంతిని అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. పెద్ద మ్యాచ్‌ల్లో కొత్త బంతి నునుపుగా ఉండి జారిపోతుందని, ఆటకు ముందు ప్రతి బంతికీ ఒక నది ఒడ్డు నుంచి తెచ్చిన మట్టి రుద్దుతారని చెప్పాడు. మ్యాచ్ బంతులని తనకు చాలామంది చూపించారట, అన్నీ కొట్లో కొన్న తెల్లటి బంతులేనట. ఆ రాత్రి ఆ ఆటను తన తండ్రి పక్కన కూర్చుని రేడియోలో విన్నానంటూ, బంతిని చెంపకు ఆనించుకున్నాడు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

రవీంద్రన్ కుంటడం మరిచిపోయి, చక్కగా నడిచి వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. నిన్న సాయంత్రం తన చేతికి వచ్చినప్పుడు ఆ బంతి ఒలిచిన గుడ్డులా ఎంత తెల్లగా ఉందో కన్నబాబుకు అప్పుడు స్ఫురించింది. మేనేజరు వైపు చూశాడు. మేనేజరు సీలింగు వైపు చూశాడు.

మధ్యాహ్నం కాగితం మీద సంతకం పడింది. చదవకుండానే పెట్టాడు రవీంద్రన్. కన్నబాబుకు ఎగిరి గంతేయాలనిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని తలుపు దాకా వెళ్లాడో లేదో, వెనక నుంచి మెత్తటి తెలుగు వినిపించింది.

"బాబూ, అమ్మగారు రేపు ఖాళీయేనా? ఇంటికాడ ఇంకో రెండు బంతులున్నాయి."