కొలిచి దిద్దిన రంగు

ఆ ఆదివారం పొద్దున్న సూర్యప్రకాష్ పెట్టుకున్న పని చాలా చిన్నది. టిఫిన్ అయ్యేలోపు కంప్యూటర్ తెరకి రంగులు సరిచేసుకోవాలి, ఆ తెర మీద వినాయక చవితి గ్రూపు ఫొటో దిద్దాలి, మధ్యాహ్నంలోగా జయపురంలోని ఫొటో ల్యాబుకి పంపాలి. ఇంతమాత్రానికి ఒడిశాలోని ఆ దామంజోడి టౌన్‌షిప్‌లో సగంమంది ఉప్పులేని కూడు తినాల్సి వస్తుందని అతనికే కాదు, ఏ జ్యోతిష్కుడికీ తట్టి ఉండదు.

ఈ పనికి ఒక వెనక కథ ఉంది. తెలుగు సంఘానికి ఫొటోలు తీసేది అతనే. నిరుడు తీసిన ఫొటో అతని తెర మీద నిగనిగలాడింది గానీ, అచ్చయి వచ్చేసరికి సంఘం ప్రెసిడెంటు రామమూర్తిగారి భార్య ఝాన్సీలక్ష్మి కట్టుకున్న చిలకపచ్చ పట్టుచీర ఉడికిన గోంగూర రంగుకి తిరిగింది. ఆవిడ ఆ సంగతి ఏ పేరంటంలోనూ మరచిపోలేదు. పగలంతా రిఫైనరీలో మీటర్లు సరిచూసి సంతకం పెట్టే టెక్నీషియన్‌కి సొంత ఇంట్లో తెర సరిచూసుకోవడం చేతకాలేదంటే అంతకంటే సిగ్గేముంటుంది? ఏడాదిగా అతను సంఘం హాలు ముందునుంచి కాక వెనక సందులోంచి నడుస్తున్నాడు.

అందుకే రంగులు కొలిచే చిన్న మీటరు ఒకటి తయారుచేసుకున్నాడు. పేరున్న కంపెనీ మీటరు కొనాలంటే జీతం చాలదు. ఇది అలాంటిది కాదు. దీని సర్క్యూటు బొమ్మనీ, ప్రోగ్రామునీ కనిపెట్టినవాళ్ళే నెట్‌లో అందరికీ బాహాటంగా పెట్టేశారు. విడిభాగాలు తెప్పించుకుని ఎవరైనా చేసుకోవచ్చు, చెడితే బాగుచేసుకోవచ్చు. దాన్ని తెరకి ఆనించి వేలాడదీస్తే, తెర మీద ఒక్కో రంగూ వెలుగుతుంటే తన గాజుకంటితో చూసి కొలుస్తుంది. ఎక్కువైన రంగుని తగ్గించి, తక్కువైనదాన్ని పెంచి ప్రోగ్రాము తెరని దిద్దుతుంది.

మీటరు తయారైన వారమే విశ్వకర్మ పూజ వచ్చింది. సెక్షన్లో యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టి వచ్చినవాడు ఇంట్లో దీన్ని వదిలేస్తాడా? దాని వీపున పసుపూ కుంకుమా పెట్టాడు. గాజుకంటి మీద ఎవరి చెయ్యీ పడకూడదని దాన్ని బోర్లించి అక్షింతల పళ్ళెంలో పడుకోబెట్టాడు. వంటింటి చేతులతో ముట్టుకోవద్దని భార్య వీణకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు కూడా.

ఆదివారం మీటరు తన పని తాను చేసింది. ఉప్మా పళ్ళెంతో వచ్చిన వీణ తెర చూసి ఆగిపోయింది.

"ఏటండీ, తెర నీలిమందు పెట్టిన పంచలాగుంది?"

"నీ కళ్ళు ఇన్నాళ్ళూ తప్పుడు రంగుకి అలవాటు పడిపోయేయి. నాలుగు రోజులు సూస్తే ఇదే సరైందని తెలుస్తాది."

అది అతను నెట్‌లో చదివిన మాటే. మీటరు సరిగ్గా ఉంటే నిజమైన మాటే. ఆ తెర మీద ఫొటో తెరిచేసరికి సంఘ సభ్యులంతా చలిజ్వరం వచ్చినవాళ్ళలా నీలంగా మారిపోయి కనిపించారు. పాపం అనిపించి, ముఖాల్లో కళ వచ్చేదాకా పసుపు కలిపి పంపించాడు.

ఫొటో కట్టించి హాల్లో గోడకి ఎక్కించిన సాయంత్రం చప్పట్లు కొట్టాల్సిన జనం కళ్ళు నులుముకున్నారు. పెద్దలూ పిల్లలూ అంతా అందులో పండిన మామిడిపళ్ళలా ఉన్నారు. కంటి తెల్లగుడ్లు సైతం పచ్చనే.

"ప్రకాషూ, రంగులు సరిగ్గానే వచ్చేయంటావా?" అని రామమూర్తిగారు మెల్లగా అడిగారు.

తన తెర మీది రంగు ఇది కాదని సూర్యప్రకాష్‌కి తెలుస్తూనే ఉంది. ల్యాబువాడే చెడగొట్టాడనుకున్నాడు. ఆ మాటైనా అనవలసింది. కానీ ముందు వరసలో ఝాన్సీలక్ష్మి కూర్చుని ఉంది.

"మీటరెట్టి కొలిసి దిద్దేనండి. ఈసారి తప్పు రాడానికి లేదు."

హాలంతా ఆలోచనలో పడింది. ఊళ్ళో పసరు మందులిచ్చే కూర్మారావుగారు కళ్ళజోడు తుడుచుకుని ఫొటో దగ్గరికి నడిచారు.

"రంగు తప్పు కాకపోతే మరింకేటి? మనందరికీ పచ్చకామెర్లే."

చొక్కాలూ గోడలూ కూడా పచ్చగా ఉన్నాయేమని ఎవరో అడిగారు. దానికీ ఆయన దగ్గర జవాబుంది. తాగేదీ ఉతికేదీ ఆ నీళ్ళే కదా అన్నారు. నీళ్ళనగానే అందరికీ గుప్‌చుప్ బండి ధనుంజయ్ గుర్తొచ్చాడు; పానీపూరీని అక్కడ గుప్‌చుప్ అంటారు. చవితినాడు గుప్‌చుప్ తినని నోరు ఆ ఫొటోలో లేదు. మర్నాడే సంఘం తరఫున ఇద్దరు వెళ్ళి, ఈ గొడవ తేలేదాకా గేటు దగ్గర బండి పెట్టవద్దని అతనికి చెప్పి వచ్చారు.

కూర్మారావుగారు నేలఉసిరి నూరి ఇంటింటికీ పంచారు. ఉప్పు, నూనె లేని పథ్యం పెట్టారు. జనం ఆసుపత్రి ముందు వరసలు కట్టారు. ఎవరి రక్తంలోనూ కామెర్లు లేవని డాక్టరు చెబితే, ఇంకా రక్తంలోకి దిగలేదు గనక ముందే మందు పడటం మన అదృష్టమని కూర్మారావుగారు సర్దిచెప్పారు. సూర్యప్రకాష్ కూడా రోజూ పొద్దున్నే ముక్కు మూసుకుని పసరు మింగాడు. నిజం చెప్పడం కంటే అదే తేలికగా దిగింది.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే బస్టాండు పక్కన మూతేసిన బండి దగ్గర ధనుంజయ్ కనిపించాడు. వచ్చీరాని తెలుగులో, "బాబూ, నా పానీ మరిగించిందే. మీరు ఒక మాట చెప్తే వాళ్ళు వింటారు" అన్నాడు. సూర్యప్రకాష్ తల ఎత్తలేకపోయాడు. తలూపి, ఊపినందుకు ఇంకా సిగ్గుపడుతూ ఇల్లు చేరాడు.

వెళ్ళగానే తెరని మళ్ళీ కొలుద్దామని మీటరు తీశాడు. వీణ దాన్ని అందుకుని, అది తయారయ్యాక ఎవరూ చెయ్యని పని చేసింది. తిరగేసి చూసింది. గాజుకంటి నిండా పసుపు పట్టి ఉంది. అంచున ఒక అక్షింత గింజ అతుక్కుని ఉంది.

"కామెర్లు మనుషులకి కాదండీ. మీ మీటరుకి."

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు దానికి తెరంతా పచ్చగా కనిపించింది. ఆ పచ్చ పోగొట్టడానికి అది తెరలో నీలం పోసింది. ఆ నీలం పోగొట్టడానికి తాను మనుషుల్లో పసుపు పోశాడు. వంటింటి చెయ్యి తగిలి ఉంటుందని అనబోయి నోరు తెరిచాడు. అక్షింతల పళ్ళెంలో దాన్ని బోర్లించింది తానేనని గుర్తొచ్చి మూసుకున్నాడు. నిరుటి సిగ్గు దీని ముందు ఎందుకూ కొరగాదనిపించింది.

మర్నాడు హాల్లో అందరి ముందూ నిలబడి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. కూర్మారావుగారు తన పసరు గ్లాసుని మెల్లగా కుర్చీ కిందకి తోశారు. రామమూర్తిగారు స్వయంగా వెళ్ళి ధనుంజయ్‌ని పిలుచుకొచ్చారు. ధనుంజయ్ మొదటి దొన్నె సూర్యప్రకాష్ చేతికే ఇచ్చాడు. ఆ గుప్‌చుప్‌లో కారం ఎంతుందో గానీ అతని కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని, ఇంతమందికి కొత్త ఫొటో వేయించి ఇస్తానని కుర్చీ ఎక్కి పాతదాని మీద చెయ్యి వేశాడు.

"ఆగు ప్రకాషూ," అంది ఝాన్సీలక్ష్మి. "పోయినేడు అందరూ బాగొచ్చేరు, నా సీర ఒక్కటే పాడయింది. ఈయేడు నా పసుపు సీర బంగారంలాగ వచ్చింది. అది అక్కడే ఉండాల."

రామమూర్తిగారు భార్యని చూశారు, గోడని చూశారు, సంఘం తీర్మానం ఆమోదించినట్టు ప్రకటించారు.

ఆ ఫొటో, దాని కింద పెద్దక్షరాల్లో తీసినవాడి పేరు, ఇప్పటికీ హాల్లో అలాగే ఉన్నాయి. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు దాన్ని చూశాక అక్కడ మంచినీళ్ళు మాత్రం తాగరు.