ఒక పట్టాన తెరుచుకోని వెబ్‌సైటు

వెబ్‌సైటు అన్నాక ఒక పట్టాన తెరుచుకోకూడదండీ! అడగ్గానే తెరుచుకుంటే దానికి విలువేముంటుంది?

ఈ సత్యం కనిపెట్టినవాడు గుడివాడలో సైట్లు తయారుచేసే ప్రకాష్. ఏ ఫోన్‌లోనైనా తెరుచుకోవాలని, చూపు లేనివాళ్లకూ పనికిరావాలని లోకమంతా ఒప్పుకున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటినే వెబ్ స్టాండర్డ్స్ అంటారు. ప్రకాష్ దృష్టిలో అదంతా చాదస్తం. అందరికీ తెరుచుకుంటే అది సైటా, సత్రమా?

కోడూరు వైపు మత్స్యకారుల సంఘానికి సముద్రం హెచ్చరికల సైటు చేసింది ఆయనే. తెరవగానే సన్నాయి మేళం, ఎగిరిపడే అలలు, సంఘం పెద్దల ఫొటోలు తొమ్మిది! మరి హెచ్చరిక? ఉందండీ, అట్టడుగున, ఒక బొమ్మలో, చీమల్లాంటి అక్షరాల్లో. ఎన్ని లాభాలో చూడండి! పేజీ వచ్చేలోగా ఓర్పు అలవడుతుంది. చదవబోతే కళ్లకు వ్యాయామం. చూపు పోయిన పున్నయ్య తాతకు ఫోనే చదివి వినిపిస్తుంది కదా, ఈ సైటు దగ్గర అది "బొమ్మ... బొమ్మ... బొమ్మ" అంటూ జపం చేస్తుంది. ఇంట్లో కూర్చున్నవాడికి ఇంతకన్నా పుణ్యం ఏముంటుంది?

మొన్న సంఘంవాళ్లు ప్రకాష్‌ను రేవుకు పిలిచి శాలువా కప్పారు. ఆకాశం ముసురు పట్టి ఉంది. చేపలమ్మే పెద్దింట్లమ్మ పరుగున వచ్చింది.

"బాబుగారూ, సైటు చేసింది మీరేనంట కదా! మా ఆయన పడవ దించుతున్నాడు. వేటకు వెళ్లొచ్చో లేదో కాస్త చూసి చెప్పండి!"

ప్రకాష్ దర్జాగా ఫోన్ తీశాడు. సన్నాయి మోగింది. అలలు ఎగిరాయి. అట్టడుగున హెచ్చరిక ఉండాల్సిన చోట ఒక మాట వచ్చింది: "ఈ సైటును పెద్ద కంప్యూటర్‌లో మాత్రమే చూడగలరు." రాసింది ఆయనే!

"పాట బానే ఉందండీ. గాలి సంగతేంటి?" అంది పెద్దింట్లమ్మ. అవతల ఆమె మొగుడు నాంచారయ్య మోకాటిలోతు నీళ్లలో పడవ నెడుతున్నాడు. ప్రకాష్‌కు ఆ క్షణాన నిజంగా భయమేసింది.

ఇంతలో ఐసు షెడ్డు శామ్యూల్ రాజ్ బందరు రేవు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని, గోడకున్న నల్లబోర్డు మీద సుద్దతో రాశాడు: "పెనుగాలులు. వేటకు వెళ్లొద్దు." బారెడు అక్షరాలు! రేవంతా చదివింది. పున్నయ్య తాతకు పక్కవాళ్లు చదివి వినిపించారు. నాంచారయ్య పడవ వెనక్కి లాగాడు.

చినుకులు మొదలయ్యాయి. మిగతా పడవలవాళ్లు ఇంకా రావాలి, సుద్ద అక్షరాలేమో కారిపోతున్నాయి.

"బాబుగారూ, ఆ శాలువా కాస్త ఇటు పట్టండి!" అని కేకేసింది పెద్దింట్లమ్మ.

ప్రకాష్ శాలువా తీసి, రెండు చేతులా బోర్డుకు గొడుగులా పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. అందరికీ తెరుచుకునే సైటు కోసం ఆయన పనిచేయడం అదే మొదటిసారి.