కండువాలు ఎక్కిన మాచర్ల బండి

మా మాచర్ల రైలుబండి ఇంకాస్త నెమ్మదిగా నడవాలని నేను డిమాండ్ చేస్తున్నాను! నవ్వకండి. దేశంలో గాలి బాగుపడాలంటే నాకు తోచిన మార్గం ఇదొక్కటే.

మొన్నామధ్య ఇంధన పొదుపు కమిటీ అధ్యక్షుడొకాయన మా గురజాల వచ్చాడు. ఆయన ఒక జీపులో వచ్చాడు, ఆయన ఫైళ్లు వెనక ఇంకో జీపులో వచ్చాయి. మైకు పుచ్చుకుని, "డీజిలు పొగతో గాలి చెడిపోతోంది, దూరప్రయాణాలు రైల్లోనే చేయండి" అన్నాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఎందుకంటారా? దూరప్రయాణం చేయించడంలో మా బండిని మించింది లేదు! గురజాల నుంచి గుంటూరు నిజానికి పెద్ద దూరమేం కాదు. కానీ మా బండెక్కితే మద్రాసు వెళ్లినంత తృప్తి. పొద్దున గడ్డం గీసుకుని ఎక్కినవాడు దిగగానే మంగలిని వెతుక్కోవాలి. టిక్కెట్టు మాత్రం గుంటూరుకే తీసుకుంటారు. ఇంత చవకగా ఇంత ప్రయాణం ఇంకెవరిస్తారు?

మరి బొగ్గు ఇంజను పొగో, అంటారు. నిజమే, తెల్లచొక్కాతో ఎక్కి బూడిదరంగు చొక్కాతో దిగుతాం. కానీ ఆ పొగను అంతమందిమి పంచుకుంటే తలా ఎంతొస్తుంది? నా వాటా ఒక బీడీ పొగంత కూడా ఉండదు. అదే ఆ అధ్యక్షుడు జీపులో ఒక్కడే కూర్చుంటే పొగంతా ఆయన ఖాతాలోకే!

ఇక మిరపకాయల బస్తాలు ఎక్కిన రోజు పెట్టె పెట్టెంతా ఒకేసారి తుమ్ముతుంది. కులం, మతం, పార్టీ చూసుకోకుండా ఇంతమంది కలిసి చేసే పని మా పల్నాడులో మరొకటి ఉందా?

పిడుగురాళ్లలో ఇంజను నీళ్లు పట్టుకోవడానికి ఆగుతుంది. మేమంతా టీకి దిగుతాం. సీటు మీద కండువా వేస్తే చాలు, ఇంక భయం లేదు. ఆడవాళ్లయితే క్యారియరు పెడతారు, మెకానిక్ జమాల్ తన పానా పెడతాడు. మా వైపు పొలం గట్టు జరిపే మొనగాళ్లున్నారు గానీ, రైల్లో పక్కవాడి కండువా జరిపేవాడు ఇంకా పుట్టలేదు.

కొంప మునిగింది అక్కడే. ఏ బండికి బొగ్గు దండగో తేల్చే పని కూడా ఆ అధ్యక్షుడికే అప్పగించారట. ఒకరోజు ఆయన జీపులో పిడుగురాళ్ల వచ్చాడు. సరిగ్గా మేం టీ తాగుతున్నప్పుడు కిటికీల్లోంచి తొంగిచూశాడు. కండువాలు, క్యారియర్లు, ఒక పానా!

"జనమే లేరే! ఈ బండి దండగ" అన్నాడు. చివరి పెట్టెలో దుప్పటి చూసి, "ఈ మూట ఎవరిది?" అని అడిగాడు.

మూట దగ్గింది.

అది మరియదాసు. సున్నం బట్టీలో ఏళ్లతరబడి పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. భార్య హన్నమ్మ అతన్ని గుంటూరు ఆస్పత్రికి ఈ బండిలోనే తీసుకెళుతుంది. బస్సు ఇరుకులో, డీజిలు పొగలో అతనికి ఊపిరాడదు. ఇక్కడైతే ఇంజనుకు దూరంగా, చివరి పెట్టెలో పడుకుని వెళ్లొచ్చు.

టీ గ్లాసుతో హన్నమ్మ పరుగున వచ్చింది. "ఏందయ్యా, మూటంటావా? మనిషి దగ్గేది వినపడలా నీకు?"

"అది కాదమ్మా, బండి ఖాళీగా ఉంటేనూ..."

"ఖాళీ ఏంది? ఆ కండువా సాంబయ్య బాబాయిది. ఆ క్యారియరు అబిదక్కది. నువ్వు బండి ఎత్తేస్తే ఈయన్ని నేనెట్టా తీసుకుపోవాల? బస్సెక్కిస్తే సత్తెనపల్లి దాకా గూడా ఓర్చుకోలేడు!"

ఆయన తల పంకించి జీపెక్కాడు. తర్వాత పేపర్లో పడింది: జనం లేనందున, బొగ్గు పొదుపు నిమిత్తం, బండి రద్దుకు సిఫారసు. ప్రయాణికులు బస్సుల్లో వెళ్లవచ్చునట! ఒక్క ఇంజను పొగ ఆపి, దాని బదులు వరసగా బస్సులు. గాలిని కాపాడే పద్ధతి చూశారా? వ్యంగ్యం రాసుకునేవాడికి కోపం రాకూడదంటారు. నాకు వచ్చింది.

అయ్యా అధ్యక్షా, ఆ సిఫారసు ఖాయమయ్యేలోగా ఒక్కసారి జీపు దిగి, గురజాలలో మా బండెక్కండి. సీటు సంగతి నాకొదిలేయండి. మరియదాసు పక్కన మీ కోసం కండువా నేనే వేసి ఉంచుతాను. అతను దగ్గితే కాసిని మంచినీళ్లు అందించండి. పిడుగురాళ్లలో మేమంతా టీకి దిగుతాం. మీరు మాత్రం దిగకండి. ఎవరైనా ఆఫీసరు కిటికీలోంచి తొంగిచూస్తే, మిమ్మల్నైనా మనిషి కింద లెక్కేస్తాడేమో!