సగం కిటికీ

ఆ పొద్దున పూర్ణమాన్ అనుకున్నది ఒక్క ఇటుక తీయడమే.

నేపాల్‌లో, భక్తపూర్‌లోని ఆ ఎర్ర ఇటుకల ఇల్లు తండ్రి పోయాక నిలువునా రెండయింది. అన్నదమ్ముల పంపకాలు అక్కడ అలాగే జరుగుతాయి: ప్రతి అంతస్తూ చెరిసగం, నడుమ గోడ. ఆ గోడ ముత్తాతల నాటి చెక్కడపు కిటికీని సరిగ్గా మధ్యలో తాకింది. పూర్ణమాన్‌కు సగం, అప్పట్నుంచీ మాటలు లేని తమ్ముడు తీర్థమాన్‌కు సగం. జాలీ కిటికీ కనుక తల బయటపెట్టి చూసే వీలు లేదు. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని చూసిన మంచుకొండ తన సగంలోకి రాలేదు. కొత్తగా లేచిన ఎదురింటి గోడ మాత్రం వచ్చింది. ఆ ఎదురిల్లు తన వాటా దగ్గరే ఆగిపోయిందనీ, కొండ తమ్ముడికి పడిందనీ అతని నమ్మకం. కలలో ఆ కొండ తెల్లగా లేచి, చప్పుడు లేకుండా తమ్ముడి వైపు నడిచి వెళ్లేది.

ఆ కొండను ఒక్కసారి చూద్దామని కిటికీ పక్కన నడిమి గోడలో ఇటుకను కదిపాడు. మట్టితో కట్టిన గోడ. ఇటుక మెత్తగా జారి, అవతల తీర్థమాన్ ఇస్త్రీ చేసి పెట్టుకున్న టోపీ మీద పడింది. కన్నంలో ఒక కన్ను కనిపించింది.

"నా వాటాలోకి వస్తున్నావా అన్నయ్యా?"

"ఇటుక నాది."

"పడింది నా టోపీ మీద. బదులుకి నేనూ ఒకటి తీస్తా."

తీశాడు. అది పూర్ణమాన్ కాలి మీద పడింది. అతనూ బదులు తీర్చుకున్నాడు. మధ్యాహ్నానికి మిగిలిన గోడ, నిలబడి నిలబడి విసిగిన మనిషిలా, తనంతట తానే కూలబడింది.

పై అంతస్తు వంటింట్లోంచి దిగివచ్చిన పూర్ణమాన్ భార్య చిరిమాయ, దుమ్ములో పక్కపక్కన చతికిలబడిన అన్నదమ్ములను చూసి కళ్లు తుడుచుకుంది. గోడ పోయిందంటే పొయ్యిలు కలిసినట్టే. కబురందుకుని మేనత్త వేయించిన గుడ్లు, ఎండుచేపలు, సారా పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. వెనకాలే వీధంతా వచ్చింది. అక్కడి ఆచారంలో శుభానికని చేతిలో పెట్టిన గుడ్డును కాదనకూడదు.

"ఇంత బుద్ధి ఇన్నేళ్లు ఎక్కడ దాచుకున్నార్రా?" అంది మేనత్త.

గుడ్డు నములుతూ ఇద్దరూ నిండు కిటికీలోంచి చూశారు. ఎదురింటి కాంక్రీటు గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. పైన నల్లటి నీళ్ల ట్యాంకు.

"కొండేదిరా?" అన్నాడు పూర్ణమాన్ మెల్లగా.

"నీ వైపుందనుకున్నా."

ఇన్నేళ్లు మోసిన అసూయ, దించే చోటు దొరకని మూటలా పూర్ణమాన్ ఒళ్లో ఉండిపోయింది.

మర్నాడు తాపీ మేస్త్రీ వచ్చి, పై దూలానికి ఆ గోడే ఆధారమని, మళ్లీ కట్టకపోతే ఇల్లు ఒరుగుతుందని చెప్పాడు. మేనత్త నిట్టూర్చింది. అన్నదమ్ములు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"సందు లేకుండా పెట్టు మేస్త్రీ," అన్నాడు పూర్ణమాన్. అవతల నుంచి తమ్ముడూ అదే మాట అన్నాడు.

సాయంత్రానికల్లా కొండ మళ్లీ తమ్ముడి వాటాలోకి వచ్చేసింది.