జుట్టు పెంచిన ఉద్యమకారులు

నాగేశానికి లోకంలో రెండంటే భయం. ఒకటి భార్య భారతమ్మ, రెండోది భారతమ్మ అల్మారా సర్దడం. సకల జనుల సమ్మెకు సిద్దిపేటలో దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఆయన స్టీలు సామాన్ల కొట్టూ మూతపడింది. ఇంట్లో కూర్చున్న పాపానికి ఆ రెండూ ఒకేసారి మీదపడ్డాయి.

అల్మారా కింది అరలో ఆయన ప్రాణం ఉంది. ఎనభైల్లో సికింద్రాబాద్‌లో చదువుకునేటప్పుడు ఫుట్‌పాత్ మీద ఏరి ఏరి కొన్న చిన్న ఇంగ్లీషు రికార్డులు. పక్కకు ఒక్కటే పాట, అదీ చెవులు గింగురుమనే రాక్ పాట. పేరుమోసిన బ్యాండ్లంటే నాగేశానికి చిన్నచూపు. ఒక్క పాట వదిలి, అది సొంత ఊళ్లో కూడా ఆడక, మళ్లీ కనబడకుండా పోయినవాళ్లే ఆయనకు దేవుళ్లు. అట్టల మీద ఆ దేవుళ్లకు పీచుమిఠాయిలా ఉబ్బిన జుట్టు, కళ్లకు కాటుక, పెదాలకు రంగు, ఒంటికి అతుక్కుపోయిన పులిచారల ప్యాంట్లు. అందరూ మగవాళ్లే.

"గివన్ని పాత సామాన్లాయనకు వేస్తున్న," అంది భారతమ్మ. "బతుకమ్మ పండుగొస్తుంది. నా పట్టుచీరలకు జాగ లేదు."

అప్పుడే వీధిలో జెండాలతో ఊరేగింపు పోతోంది. నాగేశం బుర్ర వెలిగింది.

"నీకేమెరుక. గివి ఉద్యమం పాటలు. వీళ్లు గూడ మన లెక్కనే ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడిన్రు. రాష్ట్రం వచ్చేదాక జుట్టు కత్తిరించమని ఒట్టు పెట్టుకున్నరు."

భారతమ్మ ఒక అట్టను వెలుతురులో పెట్టి చూసింది. ఒట్టు సంగతి కొట్టిపారేసేది కాదు. పక్కింటి రాజమల్లయ్య కూడా తెలంగాణ వచ్చేదాకా గడ్డం తీయనని ఒట్టేసుకొని, పప్పుచారు తాగినప్పుడల్లా గడ్డం పిండుకుంటున్నాడు.

"పాపం, మస్తు ఏండ్లు కొట్లాడినట్టున్నరు," అని రికార్డులను కొంగుతో తుడిచి అరలో పెట్టేసింది. నాగేశం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకొని, అక్కడే తిని బండ్లు ఆపే పోరాటం అది. మైకు సెట్టు జానీ పాషా ఆటో వేసుకొని నాగేశం ఇంటిముందు దిగాడు.

"అన్నా, వదిన ఆడోళ్లందరికీ చెప్పింది. గా జుట్టోళ్ల పాటలు తెమ్మంటున్రు. రికార్డు ప్లేయర్ గూడ పట్టు, మైకుకు కలుపుత."

నడిరోడ్డు మీద పొయ్యిల పక్కనే నాగేశం రికార్డు మీదికి ముల్లు దించాడు. గిటారు కుయ్యోమంది. కరెంటు తీగల మీది కాకులు ఎగిరిపోయాయి. పాటగాడు మాత్రం గొంతు చించుకుంటూనే ఉన్నాడు.

"గాయన ఏమంటుండు?" అని జనం మైకు ఆయన చేతికిచ్చారు.

నా బైకెక్కు పిల్లా, తెల్లారేదాకా ఆపనంటున్నాడు ఆ మహానుభావుడు. నాగేశం మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మా బండెక్కున్రి, ఢిల్లీ దాక ఆపమంటుండు."

చప్పట్లు మోగాయి. డప్పులు జత కలిశాయి. రెండో పక్క నెమ్మది పాట. వదిలిపోయిన ప్రియురాలి కోసం ఏడుపు. "రాష్ట్రమిస్తమని మాటిచ్చి తప్పిన్రు, మా గుండె పలిగిందంటుండు," అన్నాడు నాగేశం. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు భారతమ్మ మైకు అందుకుంది.

"గింత మంచి పాటలు అల్మారల దాచుకునుడు తప్పు. మా ఇంటాయన గివన్ని దీక్షా శిబిరానికి ఇస్తుండు. తెలంగాణ వచ్చినంకనే వాపస్ తీసుకుంటడట."

ఎవరో నాగేశం మెడలో దండ వేశారు. దండ పడ్డాక ఏ మనిషి మాత్రం కాదంటాడు. నవ్వలేక నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి కింది అరలో పట్టుచీరలు మెరుస్తున్నాయి.

"నన్నొక మాట అడగకపోతివి," అన్నాడు.

"ఎందుకడగాలె. జుట్టు పెంచిన్రు, ఒట్టనుకుందాం. ఒట్టు పెట్టుకున్నోళ్లు పెదాలకు రంగెందుకేసుకున్నరని నేనేమన్న అడిగిన్నా?"

నాగేశం మంచినీళ్లు తాగి పడుకున్నాడు.

అప్పటిదాకా బంద్ అంటే పగటినిద్రే అనుకున్న మనిషి, ఆ తర్వాత రోజూ అందరికంటే ముందే శిబిరంలో కూర్చున్నాడు. నినాదం ఆయనే ఎత్తుకుంటాడు, ఆఖరున ఆయనే దించుతాడు. గొంతు బొంగురుపోయినా ఆపడు. రికార్డులు చేతికొచ్చేదాకా జుట్టు కత్తిరించనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. నాగేశంలో ఇంత ఉద్యమం ఉందా అని రాజమల్లయ్య గడ్డం నిమురుకున్నాడు.

ఒకనాడు భారతమ్మ టిఫిన్ గిన్నె తెచ్చింది. చెవుల మీద ఉబ్బిన మొగుడి జుట్టును కాసేపు చూసింది.

"మంచిగనే పెరిగింది," అంది. "రేపు వచ్చేటప్పుడు కాటుక గూడ తేవాల్నా?"